అనపకాయల సంచి

ఈసారి మన గోడపత్రికకి బెంగళూరు తిండి గురించి రాయమని మేడం చెప్పినప్పుడు నాకు చాలా సంతోషమైంది. ఇది నాకు సులభం అనుకున్నాను. రెండేళ్ళుగా హాస్టల్లో ఉంటూ, ఆదివారం వస్తే చాలు, యాడికి పోదాం, ఏం తిందాం అని తిరిగినదాన్ని. ఒక పేజీ నిండా హోటళ్ళ పేర్లు రాసుకున్నాను కూడా. అయితే ఆ పేర్ల మధ్యలో ఒక సంగతి రాయకుండా దాటేస్తున్నానని నాకే తెలుస్తా ఉండింది. అది కూడా రాద్దామని మళ్ళీ మొదలుపెట్టాను.

మాది బాగేపల్లి పక్కన చిన్న పల్లె. బెంగళూరు నుంచి హైదరాబాదు పోయే పెద్ద రోడ్డులో సుమారు 100 కిలోమీటర్లు పోతే బాగేపల్లి. ఇంకొంచెం ముందుకు పోతే ఆంధ్రా. 2007లో కోలారు జిల్లాని విడదీసి చిక్కబళ్ళాపురం జిల్లా చేశారు, అప్పటినుంచి మాది ఆ జిల్లా. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చదివింది కన్నడం. మన క్లాసులో చింతామణి, గుడిబండ, బాగేపల్లి వైపు నుంచి వచ్చిన అందరిదీ ఇదే కథ. కదిరికి, హిందూపురానికి పోయే ఆంధ్రా బస్సుల బోర్డులు చూసి నేను తెలుగు అక్షరాలు కూడబలుక్కున్నాను. మిగతాది ఈ కాలేజీలో నేర్చుకున్నాను. మా అమ్మకి ఇప్పటికీ తెలుగు చదవడం రాదు. కన్నడం మాత్రం గడగడా చదువుతుంది.

మా ఊళ్ళో హోటలంటే బస్టాండు దగ్గర ఇడ్లీ, చిత్రాన్నం, సాయంత్రం పూట మిరపకాయ బజ్జీ. అంతే. అందుకే బెంగళూరుకి వచ్చిన కొత్తలో నాకు జాతరలో తప్పిపోయినట్టు ఉండింది.

మొదటి నెలలోనే చింతామణి స్నేహితురాలు నన్ను గాంధీబజారులోని విద్యార్థి భవన్‌కి పిలుచుకుని పోయింది. అది 1943లో పెట్టిన హోటలు. చుట్టుపక్కల చదువుకునే పిల్లల కోసం మొదలైంది కాబట్టి ఆ పేరు. దోసె ప్లేట్లని ఒకదాని మీద ఒకటి పేర్చి, చేతి మీద నిలబెట్టుకుని సర్వరు వస్తుంటే నేను తినడం మరిచి చూస్తా కూచున్నాను. ఆ తర్వాత లాల్‌బాగ్ రోడ్డులో ఎం.టి.ఆర్.కి పోయాం. 1924లో ఉడుపి వైపు నుంచి వచ్చిన మయ్యా అన్నదమ్ములు మొదలుపెట్టింది అది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బియ్యం దొరకడం కష్టమైతే రవ్వతో ఇడ్లీ చేసి చూశారని, రవ్వ ఇడ్లీ అట్ల పుట్టిందని ఆ హోటలువాళ్ళు చెప్తారు. బియ్యం లేని కష్టంలోంచి వచ్చిన వంటని ఇప్పుడు లైన్లో నిలబడి తింటున్నాం.

దర్శినులు మీకందరికీ తెలుసు. 1980లలో మొదలయ్యాయి. కుర్చీ ఉండదు, నిలబడి తినాలి, తొందరగా పోవాలి. అయ్యంగారు బేకరీలు ఉన్నాయి. హాసన్ వైపు నుంచి వచ్చిన అయ్యంగార్లు కోడిగుడ్డు లేకుండా కేకులు, కారం బన్నులు చేసి వీధికొకటి పెట్టుకున్నారు. మిలిటరీ హోటళ్ళు ఉన్నాయి, వాటిలో చాలావరకు మరాఠీవాళ్ళు మొదలుపెట్టినవి. అక్కడ ముద్ద, వేటమాంసం సారు దొరుకుతాయి. రంజాన్ నెలలో ఫ్రేజర్ టౌన్ మసీదు రోడ్డులో రాత్రంతా కబాబుల పొగ. మోమోలు అమ్మే అన్నలు ఏ గల్లీలో చూసినా ఉంటారు. ఇంక ఆంధ్రా మీల్స్ సంగతి చెప్పే పనిలేదు. రెసిడెన్సీ రోడ్డులో నాగార్జున 1984లో వచ్చింది. అరటాకు, పప్పు, పొడి, నెయ్యి, కారం. కళ్ళలో నీళ్ళు కారుతున్నా ఇంకొంచెం వెయ్యమని అడిగేవాళ్ళే అందరూ.

ఇవన్నీ తిరిగాక నాకు ఒకటి అర్థమైంది. ఈ ఊరికి ఎవరు వచ్చినా వాళ్ళ ఊరి వంటని మూటగట్టుకుని వచ్చారు. ఉడుపివాళ్ళు, హాసన్‌వాళ్ళు, మరాఠీవాళ్ళు, ఆంధ్రావాళ్ళు, అస్సాంవాళ్ళు. ఇక్కడొక బోర్డు కట్టి, ఇది మాది అని అమ్మినారు. మరి మనది ఏది?

ఈ ప్రశ్న నాకు ఊరికే రాలేదు. మా రూములో ఇద్దరు అమ్మాయిలు కోస్తా నుంచి వచ్చినవాళ్ళు. మంచివాళ్ళే. నేను మొదటిసారి "నాకు ఆకలి అవుతా ఉండాది, యాడన్నా తిందాం రాండి" అంటే పడీపడీ నవ్వారు. "నీది తెలుగా, కన్నడమా?" అని అడిగారు. ఇంట్లో రోజూ ఏం తింటారని అడిగినప్పుడు సంగటి అని చెప్పాను. "రోజూనా? అన్నం తినరా?" అన్నారు. వాళ్ళు తప్పుగా అనలేదు, ఆశ్చర్యంతో అడిగారంతే. కానీ ఆ రోజు నుంచి ఎవరు అడిగినా నేను "మా ఇంట్లో కూడా అన్నమే, ఎప్పుడన్నా సంగటి" అని చెప్పడం మొదలుపెట్టాను. ఇది అబద్ధం. మా ఇంట్లో రెండు పూటలా సంగటే. మా అవ్వ నూకలు ఉడికించి, రాగిపిండి పోసి, కాళ్ళ మధ్యలో కుండ పెట్టుకుని తెడ్డుతో కెలుకుతుంది. చేతికి నీళ్ళు తడుముకుని ముద్దలు చేస్తుంది. అందులోకి బస్సారు, లేదంటే ఉప్పుసారు. ఆకుకూరలూ అలసందలూ ఉడకేసి, ఆ నీళ్ళు వంచి సారు కాస్తారు, మిగిలిన కూరాకుని పోపు వేస్తారు. ఒక్క పొయ్యి మీద, ఒక్క ఉడుకులో రెండు వంటలు. కట్టెలు మిగిలించే ఉపాయం అది.

ఇప్పుడు చలికాలం మాట చెప్తాను. డిసెంబరు వస్తే మా వైపు అనపకాయల కాలం. కన్నడంలో అవరేకాయి అంటారు. రాగి చేలో అక్కడక్కడ ఒక సాలు అనప వేస్తారు. రాగి కోసేసిన తర్వాత కూడా అది మంచు తాగి కాస్తా ఉంటుంది. కాయ పట్టుకుంటే చేతికి జిడ్డుగా అంటుకుంటుంది, ఒక వాసన వస్తుంది. దాన్ని కన్నడంలో సొగడు అంటారు. ఎంత మంచు పడితే అంత సొగడని మా నాయన చెప్తాడు. ఆ గింజలు రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, పొద్దున్నే ఒక్కొక్క గింజని వేళ్ళతో పితికితే తొక్క ఒక పక్కకి, పప్పు ఒక పక్కకి పడుతుంది. అదే పితికిపప్పు. శేరు పప్పు కావాలంటే ఇద్దరు ఆడవాళ్ళు పొద్దంతా కూచోవాలి. గోళ్ళ సందుల్లో మంట పుడుతుంది. దాంతో చేసిన సారు, వేడి సంగటి ఉంటే మా ఇంట్లో ఎవరూ మాట్లాడరు. తింటారంతే.

బెంగళూరువాళ్ళకి కూడా ఈ కాయంటే ప్రాణం. వి.వి.పురంలో సజ్జనరావు సర్కిల్ దగ్గర తిండి బీది ఉంది కదా, సాయంత్రమైతే నడవడానికి జాగా ఉండదు. అక్కడ ఏటా సంక్రాంతి దగ్గర్లో అవరేకాయి మేళ జరిగేది. ఇప్పుడు బసవనగుడి నేషనల్ కాలేజీ మైదానంలో చేస్తున్నారు. అవరేకాయి దోసె, అవరేకాయి ఉప్మా, అక్కి రొట్టె, ఆఖరికి అవరేకాయి జిలేబీ కూడా. ఆ నేషనల్ కాలేజీ మాట వస్తే ఒక పెద్దాయన గుర్తొస్తాడు. హెచ్. నరసింహయ్యగారు. మన జిల్లా గౌరిబిదనూరు తాలూకా హొసూరులో 1920లో పుట్టారు. బస్సుకి డబ్బుల్లేక, బసవనగుడి నేషనల్ హైస్కూల్లో చేరడానికి బెంగళూరుదాకా నడిచి వచ్చారు. తర్వాత అదే నేషనల్ కాలేజీకి ప్రిన్సిపాలు అయ్యారు, బెంగళూరు విశ్వవిద్యాలయానికి వైస్‌ఛాన్సలరు కూడా అయ్యారు. మా బాగేపల్లిలో నేషనల్ కాలేజీ రావడానికి కూడా ఆయనే కారణం. మన వైపు నుంచి నడిచి వచ్చిన పిల్లవాడు చదువు చెప్పిన చోటనే మన కాయకి జాతర జరుగుతున్నదన్నమాట.

మొదటి ఏడు జనవరిలో, రూములోని ఇద్దరితో కలిసి నేను ఆ మేళకి పోయాను. జనం విపరీతం. దోసె కోసం చాలాసేపు లైన్లో నిలబడ్డాం. అప్పుడు నాయన ఫోను వచ్చింది.

మా నాయన నెలకి రెండు మూడు సార్లు ఊరివాళ్ళతో కలిసి టెంపోలో కూరగాయలు వేసుకుని కలాసిపాళ్యం మార్కెట్టుకి వస్తాడు. టమాటా, బీన్సు, కాలాన్ని బట్టి అనపకాయ. మామూలుగా రాత్రి వచ్చి, తెల్లారి సరుకు దించి, పొద్దునకంతా వెనక్కి పోతారు. ఆ రోజు మాత్రం సాయంత్రమే వచ్చినారు.

"ఏమ్మా, యాడుండావు? మార్కెట్టుకి వచ్చిండాము. అమ్మ సంచి పంపిచ్చింది. నువ్వు బస్సెక్కి ఇట్ల వస్తే ఇచ్చేస్తా. లేకుంటే నేనే మీ హాస్టలు కాడికి వస్తా."

ఫోనులో చుట్టూ గోల వినబడుతున్నది. పక్కన ఇద్దరు స్నేహితురాళ్ళు. నాయన హాస్టలు గేటు దగ్గర పంచె పైకి కట్టుకుని, తలకి తువాలు చుట్టుకుని, గోనెసంచితో నిలబడి ఉండటం నా కళ్ళకి కనిపించింది. వీళ్ళు చూస్తారే అనిపించింది.

"నాయనా, నాకు క్లాసు ఉండాది. స్పెషల్ క్లాసు. రాలేను. వాచ్‌మన్ కాడ పెట్టిపో" అన్నాను.

"సరేలేమ్మా, చదువుకో" అన్నాడు.

మేళ ఉన్న చోటికీ కలాసిపాళ్యానికీ మధ్య ఆటోలో ఎంతోసేపు పట్టదు. నేను దోసె తిన్నాను. దాని మీద చల్లింది పితికిపప్పు. బాగుంది. ఇంకొకటి చెప్పుకున్నాం కూడా.

తొమ్మిదిన్నరకి హాస్టలుకి వచ్చాను. వాచ్‌మన్ మారిపోయి ఉన్నాడు. సంచి ఆఫీసు గదిలో పెట్టి తాళం వేశారన్నారు. పొద్దున తీసుకున్నాను. సంచిలో ఒక పక్క అనపకాయలు, ఒక పక్క వేయించిన చెనక్కాయలు, మధ్యలో పాత చీరగుడ్డలో చుట్టిన స్టీలు డబ్బా. తెరిస్తే పితికిపప్పు. నాకు ఒలుచుకునే, పితుక్కునే శ్రమ లేకుండా అమ్మా అవ్వా కూచుని ముందే పితికి పంపించారు. హాస్టలు వంటమ్మకి ఇస్తే ఆ రాత్రికే సారు కాచి పెట్టేది. కానీ పితికిన పప్పు ఒక పూట దాటితే నిలవదు. మూత తీస్తూనే పులిసిన వాసన వచ్చింది. బంకబంకగా అయిపోయింది.

బాత్రూము వెనక చెత్తడబ్బాలో వేసేశాను. ఎవరూ చూడలేదు. డబ్బా కడిగి పెట్టుకున్నాను.

సాయంత్రం అమ్మ ఫోను చేసింది. "పప్పు వండిచ్చుకున్న్యావా? ఉప్పు సరిపోయిండెనా?" అని అడిగింది. "శానా బాగుండె అమ్మా. అందరూ తిన్నారు" అన్నాను. ఆమె పక్కకి తిరిగి అవ్వతో "అందురూ తిన్నారంట" అని చెప్పడం నాకు వినబడింది.

ఆ మాట వినబడకుండా ఉంటే నేను ఎప్పుడో మరిచిపోయి ఉండేదాన్ని.

కొన్ని వారాల తర్వాత ఒక ఆదివారం, నాయన మార్కెట్టుకి వస్తున్నాడని తెలిసి, వార్డెన్ మేడంని అడిగి తెల్లవారుజామునే పోయాను. అప్పటిదాకా ఆ మార్కెట్టు నేను చూడలేదు. ఇంకా చీకటిగా ఉంది. లారీలు, టెంపోలు, తల మీద మూటలతో పరుగెత్తే హమాలీలు, కాళ్ళ కింద కోసుకూర బురద. టెంపోల ముందర రాసిన పేర్లు చదివాను. చింతామణి, శిడ్లఘట్ట, మాలూరు, బాగేపల్లి. నేను ఇక్కడ తిన్న సాంబారులో ముక్కలన్నీ ఈ దారినే పోయి ఉంటాయి కదా అనిపించింది. మన ఊళ్ళ బోర్డు లేదని కదా నేను బాధపడింది. ఇక్కడ టెంపోల మీద రాసే ఉంది.

నాయన నన్ను చూసి కంగారుపడ్డాడు. "ఏమ్మా, ఏమయ్యె?" అన్నాడు. ఏమీ లేదు, ఊరికే వచ్చానన్నాను. సరుకు దించిన తర్వాత "రా, తిందాం" అని మార్కెట్టు పక్కన ఒక తోపుడు బండి దగ్గరికి పిలుచుకుని పోయాడు. ఒక అమ్మ పెద్ద గిన్నెలోంచి ముద్దలు తీసి ప్లేట్లో వేస్తున్నది. ముద్ద, బస్సారు, పచ్చిమిరపకాయ. ఆమె నాయనని తెలుగులోనే "ఏమన్నా, కూతురా?" అని అడిగింది. ఆమెది చింతామణి పక్కన ఏదో పల్లె అంట. తిరగేసిన ప్లాస్టిక్ క్రేట్ల మీద కూచుని తిన్నాం. నాయన ఇరవై ఏళ్ళుగా బెంగళూరుకి వస్తున్నాడు. వచ్చినప్పుడల్లా ఇట్లాంటి బండి మీదనే తింటాడు. ఈమధ్య కొన్నేళ్ళుగా ఒక్కోసారి ఇందిరా క్యాంటీను. అది 2017 ఆగస్టులో మొదలైంది కదా, అయిదు రూపాయలకి టిఫిను, పది రూపాయలకి భోజనం. నేను చెప్పిన హోటళ్ళు ఒక్కటీ ఆయన చూడలేదు. బయటినుంచి కూడా చూడలేదు.

ఆ క్రేట్ మీద కూచునే చెప్పేశాను. క్లాసు లేదని, మేళకి పోయానని, పప్పు పారేశానని. ఆయన తింటున్న చెయ్యి ఆపాడు. కోప్పడతాడనుకున్నాను. కొంచెంసేపు ఏమీ అనలేదు. తర్వాత అడిగాడు:

"అనపకాయలకి జాత్ర చేస్తారా?"

"ఊఁ నాయనా."

"దోసె ఎంత?"

చెప్పాను. ఆయన నోట్లోనే ఏదో లెక్క వేసుకున్నాడు. అంత డబ్బుకి తను ఎన్ని కిలోల కాయ ఇచ్చేస్తాడో ఆ లెక్క అయి ఉంటుంది. పైకి చెప్పలేదు. "జనం శానా మంది వస్తారా?" అన్నాడు. వస్తారు, లైను కడతారన్నాను. "మన కాయకా?" అన్నాడు. ముఖంలో కోపం లేదు. గర్వమో బాధో నాకు తెలియలేదు. రెండూ ఉన్నట్టే ఉండె.

లేచి చెయ్యి కడుక్కుంటూ, "అమ్మకి నేను చెప్పను. నువ్వే చెప్పుకో" అన్నాడు.

తిరిగి పోయే ముందు బలవంతంగా ఒక దర్శినికి తీసుకుపోయాను. కాఫీ, వడ చెప్పాను. ఆయన చుట్టూ చూసి, "కూచునేకి యాడా లేదేమ్మా? దుడ్డిచ్చి నిలబడి తినేదా? ఇంతకంటే మా బండే మేలు, క్రేటన్నా ఉండాది" అన్నాడు. పక్కన తింటున్నవాళ్ళు తిరిగి చూశారు. ఈసారి నేను కూడా నవ్వాను, గట్టిగానే. కాఫీ మాత్రం మెచ్చుకున్నాడు.

2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అని ప్రకటించింది. అప్పటినుంచి బెంగళూరులో పెద్ద పెద్ద హోటళ్ళలో కూడా రాగి దోసె, రాగి ముద్ద, కొర్రల బిర్యానీ అని బోర్డులు కనబడుతున్నాయి. మంచిదే. మా రూములోని స్నేహితురాళ్ళు కూడా ఆరోగ్యానికి మంచిదని ముద్ద తినడం నేర్చుకున్నారు. నమలకూడదు, మింగాలి అని నేనే నేర్పించాను. ఒకమ్మాయికి మొదటిసారి గొంతులో పట్టుకుని కళ్ళు తేలేసింది, ఇప్పుడు రెండు ముద్దలు తింటుంది. ఇప్పుడు ఎవరు అడిగినా మా ఇంట్లో రోజూ సంగటే అని చెప్తున్నాను. అది ఫ్యాషను అయ్యాక చెప్పడం గొప్ప కాదని నాకు తెలుసు. అది ఎవరికీ పట్టని రోజుల్లో, నన్ను మొదటిసారి అడిగినప్పుడే చెప్పి ఉండాల్సింది.

బెంగళూరులో తినదగ్గ చోట్లన్నీ నా పేజీలో ఉన్నాయి, కావాలంటే అడగండి, ఇస్తాను. కలాసిపాళ్యం పక్కన ఆ బండిని కూడా చేర్చాను. దానికి పేరు లేదు. తెల్లవారుజామున పోతేనే దొరుకుతుంది. ఎండ ఎక్కేసరికి గిన్నె ఖాళీ.

ఇంకొక్క పని మిగిలింది. అమ్మకి నేను ఇంకా చెప్పలేదు. ఈ వ్యాసం గోడ మీద పెట్టినా ఆమె వచ్చి చదవలేదు, తెలుగు చదవడం రాదు కదా. కాబట్టి ఈ ఆదివారం ఫోను చేసి నేనే మొదటినుంచి చివరిదాకా చదివి వినిపించాలి. డబ్బా దగ్గరికి వచ్చేసరికి నా గొంతు ఏమవుతుందో తెలియదు. చదువుతాను.

వచ్చే సంక్రాంతికి కూడా సంచి వస్తుంది. నాయన ఏ టైముకి వచ్చినా సరే, గేటు దగ్గర నేనే ఉంటాను. వంటమ్మతో ఇప్పటికే మాట్లాడి పెట్టాను, పప్పు వచ్చిన రాత్రే సారు కాస్తుంది. మన డిపార్ట్‌మెంటువాళ్ళందరూ రాండి. ఈసారి అమ్మ అడిగితే, అందరూ తిన్నారని నిజంగా చెప్పాలి.